ఎకనామిక్స్ ఒక్కటేనా, మ్యాథ్స్‌తో కలిపా? కొన్ని అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు ఎకనామిక్స్ చెబుతుంటాను. చేరబోయే పిల్లలు ఏటా ఈ ప్రశ్నతోనే వస్తారు, చాలామంది తప్పుడు లెక్కలు వేసుకుని మరీ వస్తారు.

అపోహ: ఎకనామిక్స్ ఒక్కటే తీసుకుంటే లెక్కల బాధ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. డెరివేటివ్‌లు, అంటే ఒకటి మారితే ఇంకొకటి ఎంత వేగంగా మారుతుందో చెప్పే లెక్కలు, మొదట్లోనే వచ్చేస్తాయి. ఆర్థిక సిద్ధాంతాలను గణాంకాలతో పరీక్షించే ఎకనామెట్రిక్స్ మొదలయ్యాక మాట్రిక్సులు కూడా. లెక్కలకు భయపడి ఇటు వచ్చినవాళ్ల టెన్షన్ చూస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: మ్యాథ్స్ కలిస్తే అదే ఎకనామిక్స్‌ను ఇంకాస్త లోతుగా చెబుతారు.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అక్కడ చెప్పేది ఎకనామిక్స్‌కి పనికొచ్చే లెక్కలు మాత్రమే కాదు, గణితాన్ని గణితంగానే చెబుతారు. 1, 1/2, 1/3 అంటూ పోతే సున్నాకి దగ్గరవుతామని చూడగానే తెలుస్తుంది. కాల్క్యులస్ వెనకున్న రుజువులు నేర్పే రియల్ అనాలిసిస్ పేపర్లో అది చాలదు. ఎవరు ఎంత చిన్న దూరం చెప్పినా, ఒక చోటు దాటాక మిగిలిన సంఖ్యలన్నీ సున్నాకి ఆ దూరంలోపే ఉంటాయని రుజువు చెయ్యాలి. కొందరికి ఇది మహా ఇష్టం, కొందరికి నరకం. పైగా ఆ గంటలు ఎక్కడినుంచో రావాలి కదా! సాధారణంగా ఆర్థిక చరిత్ర, లేబర్ ఎకనామిక్స్ లాంటి ఐచ్ఛికాలే తగ్గిపోతాయి. నా దృష్టిలో అది చిన్న నష్టం కాదు.

అపోహ: పీహెచ్‌డీ చెయ్యాలంటే డిగ్రీ పేరులో మ్యాథ్స్ ఉండి తీరాలి.

వాస్తవం: పేరు కన్నా మార్కుల జాబితాలో ఏముందన్నదే ముఖ్యం. మల్టీవేరియబుల్ కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, వీలైతే రియల్ అనాలిసిస్ మంచి మార్కులతో ఉండాలి. ఎకనామిక్స్ డిగ్రీలోనే వాటిని ఐచ్ఛికాలుగా ఇస్తే సరిపోతుంది. ఇవ్వకపోతే మాత్రం కలిపి తీసుకోవడమే మేలు.

అపోహ: లెక్కలొస్తే ఎకనామిక్స్ వచ్చేసినట్టే.

వాస్తవం: ఉన్న ఆదాయంలో గరిష్ఠ తృప్తి ఎలా పొందాలో తేల్చే లెక్కను ఒకసారి ఒకమ్మాయి లగ్రాంజ్ పద్ధతిలో తప్పు లేకుండా చేసింది. ఆ పద్ధతిలో లాంబ్డా అనే అదనపు సంఖ్య ఒకటి వస్తుంది. 'మరి ఈ లాంబ్డా ఏం చెబుతోందమ్మా?' అంటే మౌనం. ఆదాయం కాస్త పెరిగితే తృప్తి ఎంత పెరుగుతుందో చెప్పేది అదే. కేంబ్రిడ్జ్‌లో గణితం చదివిన ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1906లో రాసిన ఉత్తరంలో ఇదే పట్టుబట్టాడు: గణితంతో తేల్చుకున్నది మామూలు భాషలోకి మార్చాలి, నిజ జీవితంలోని ఉదాహరణలు చూపాలి, ఆ తర్వాత గణితాన్ని తగలబెట్టాలి!

చేరేముందు రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి, చివరి ఏడాది పేపర్లు చూడండి. రియల్ అనాలిసిస్ పాత ప్రశ్నపత్రం ఒకటి సంపాదించి దానితో ఒక పూట కూర్చోండి. జవాబులు రాకపోయినా ఫర్వాలేదు, లేవబుద్ధి కాకపోతే కలిపి తీసుకోండి.