పాత కారు డ్యాష్‌బోర్డు మార్పు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో అంబాసిడర్లను, పద్మినీలను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ కార్ల డ్యాష్‌బోర్డులు విప్పి, మీటర్లు మార్చి, వైరింగ్ తిరిగి వేయడం నా వృత్తి. కొన్ని నమ్మకాలు ఆ కార్లకే చేటు తెస్తున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: పెట్రోలు ముల్లు, వేడి ముల్లు రెండూ ఎక్కువ చూపిస్తే రెండు మీటర్లూ పోయినట్టే.

రెండూ ఒకేసారి పోవడం చాలా అరుదు. బ్రిటిష్ పద్ధతిలో తయారైన చాలా కార్లలో ఈ రెండింటికీ కరెంటు ఇచ్చేది ఒకే చిన్న డబ్బా, వోల్టేజ్ స్టెబిలైజర్. అందులోని రెండు లోహాల పట్టీ వేడెక్కి విడిపోతూ, చల్లారి అంటుకుంటూ సగటున 10 వోల్టులు పంపుతుంది. వోల్టులు కొలిచే మల్టీమీటర్‌లో అంకె ఊగితే కంగారు పడకండి, దాని పనితీరే అది. ఎర్త్, అంటే కరెంటు బాడీ రేకు గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, తెగితే మాత్రం పట్టీ వేడెక్కదు, బ్యాటరీ వోల్టేజ్ నేరుగా మీటర్లకు చేరి రెండు ముళ్లూ పైకి లేస్తాయి.

ఇనుప డ్యాష్‌బోర్డులో ఆ ఎర్త్ రేకు గుండానే అందేది. దాని స్థానంలో టేకు చెక్కదో ఫైబర్‌దో పెట్టగానే ఆ దారి పోతుంది. అందుకే స్టెబిలైజర్‌కు, ప్రతి మీటరు డబ్బాకూ విడిగా ఎర్త్ వైరు వేసి, రంగు గీకిన బాడీ రేకుకు బిగించాలి. బీచ్ రోడ్డు వైపు ఆరుబయట నిలిపే కార్లలో ఉప్పుగాలికి రాగి చిలుము పడుతుంది, రేకు తుప్పు పడుతుంది. ఆ బిగింపు మీద గ్రీజు తప్పనిసరిగా పూయండి.

అపోహ: 35 ఫ్యూజు తీసిన చోట 35 ఫ్యూజే పెట్టాలి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీది 35 అనేది అది కాలిపోయే ఆంపియర్ల లెక్క. ఎడతెగకుండా మోయగలిగేది అందులో సగమే. ఇప్పటి బ్లేడు ఫ్యూజు మీది అంకె ఎడతెగకుండా మోసే లెక్క. 35 బ్లేడు పెడితే షార్ట్ అయినప్పుడు ఫ్యూజు కన్నా ముందు వైరు కాలుతుంది, సీటు అంటుకుంటుంది. నేను 15 పెట్టి, లైట్లు, హారన్, మీటర్లు వేరే ఫ్యూజులకు విడదీస్తాను.

అపోహ: ఏ పెట్రోలు మీటరైనా ఏ ట్యాంకు ఫ్లోటుకైనా సరిపోతుంది.

ఫ్లోటు అంటే ట్యాంకులో పెట్రోలు మట్టంతో లేస్తూ దిగుతూ మీటరుకు వెళ్లే కరెంటుకు అడ్డును (ఓమ్‌లలో కొలిచే నిరోధాన్ని) మార్చే భాగం. అమెరికా పద్ధతి ఫ్లోటు ఖాళీ ట్యాంకులో 240 ఓమ్‌లు, నిండితే 33 చూపుతుంది. యూరప్‌లో వాడుకలో ఉన్న ఒక రకం ఖాళీలో 10, నిండితే 180. జత తప్పితే ముల్లు తిరగబడుతుంది. ఫ్లోటును ముందే కొలిచి, ఆ తర్వాతే మీటరు కొనండి.

అపోహ: డ్యాష్‌బోర్డు బల్బులన్నీ ఎల్‌ఈడీలకు మార్చేయవచ్చు.

ఛార్జింగ్ దీపాన్ని వదిలేయండి. ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్లలో చాలావాటిని మేల్కొలిపేది ఆ బల్బు గుండా వెళ్లే కరెంటే. ఎల్‌ఈడీ తీసుకునేది మరీ తక్కువ కాబట్టి ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఛార్జింగ్ మొదలు కాకపోవచ్చు.

అపోహ: టంకం వేసిన అతుకే గట్టిది.

కారు అదురుకు టంకం ఆగిన చోట తీగ విరుగుతుంది. మంచి పనిముట్టుతో నొక్కిన టెర్మినల్ మేలు.

అపోహ: కొత్త మీటర్ల కోసం పాత వైర్లు కోయక తప్పదు.

ముందుగా బ్యాటరీ తీసి ఒక్కో వైరుకు చీటీ కట్టండి. వైరును మెల్లగా వంచి చూడండి, తొడుగు పగలకపోతే కోయనక్కర్లేదు, మధ్యలో జోడింపు కనెక్టర్ చాలు. పగిలితే ఆ కట్ట మొత్తాన్నీ మార్చాలి, టేపు చుట్టి సరిపెట్టకూడదు.