ఎంఎస్ ఉన్నవారికి వ్యాయామం: అపోహలు – వాస్తవాలు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్)లో రోగనిరోధక వ్యవస్థ మెదడు, వెన్నుపాము, కంటి నాడుల్లోని తంతువులను చుట్టి ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. దాని వల్ల కలిగే బలహీనత ఒకటైతే, భయంతో కదలడం మానేసినందువల్ల కండరాలూ గుండే కోల్పోయే సత్తువ మరొకటి. ఫిజియోథెరపిస్టుగా నేను చూసేవారిలో ఈ రెండూ కలిసే కనిపిస్తాయి. మొదటిది వ్యాయామంతో నయం కాదు గానీ, రెండోదాన్ని చాలావరకు తిరిగి సంపాదించుకోవచ్చు.

అపోహ: వ్యాయామం చేసినప్పుడు చూపు మసకబారినా, కాళ్లు బరువెక్కినా జబ్బు ముదురుతున్నట్టే.

వాస్తవం: కాదు. శ్రమ తర్వాత చూపు మసకబారడాన్ని జర్మన్ నేత్రవైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లోనే వివరించారు. మైలిన్ దెబ్బతిన్న తంతువుల్లో, ఒంట్లో వేడి అర డిగ్రీ సెల్సియస్ పెరిగినా సంకేతాలు నెమ్మదించవచ్చు, కొన్నిచోట్ల ఆగిపోవచ్చు. ఒళ్లు చల్లబడగానే అవి మళ్లీ మునుపటిలాగే సాగుతాయి, నాడులకు కొత్తగా గాయమేమీ కాదు. ఈ తాత్కాలికమైన మార్పును చూసి జంకడం వల్లనే దశాబ్దాల పాటు వైద్యులు కూడా ఈ రోగులకు విశ్రాంతినే సూచించారు. 1996లో యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 15 వారాల ఏరోబిక్ (గుండెకు, ఊపిరితిత్తులకు పని పెట్టే) శిక్షణ వల్ల రోగుల శారీరక సామర్థ్యం మెరుగుపడిందని చూపించాక ఆ ధోరణి మారుతూ వచ్చింది.

వేడి పడనివారు వ్యాయామానికి ముందూ మధ్యలోనూ చల్లటి నీళ్లు తాగాలి, ఫ్యాను గాలి తగిలే చోట చేయాలి, ఒకేసారి అరగంట చేసే బదులు పదేసి నిమిషాలుగా విడదీసుకోవాలి. ఈత కొలనులో నీరు 27 నుంచి 29 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. అయితే జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా ఒక కొత్త లక్షణం 24 గంటలు దాటినా తగ్గకపోతే దాన్ని వేడి ఖాతాలో వేయకుండా న్యూరాలజిస్టుకు చూపించాలి.

అపోహ: ఇంత నీరసంలో వ్యాయామం చేస్తే ఉన్న ఓపిక కూడా పోతుంది.

వాస్తవం: క్రమం తప్పని వ్యాయామం ఎంఎస్‌లో వచ్చే అలసటను తగ్గిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. తక్కువ నుంచి మధ్యస్థ స్థాయి వైకల్యం ఉన్న పెద్దలకు 2013 నాటి కెనడా మార్గదర్శకాలు సూచించింది వారానికి రెండుసార్లు అరగంట చొప్పున మధ్యస్థ తీవ్రత గల ఏరోబిక్ వ్యాయామం, రెండుసార్లు కండరాల బలానికి వ్యాయామం మాత్రమే. మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం వస్తే అది మధ్యస్థ తీవ్రత. ఓపిక ఎక్కువగా ఉండే వేళను, చాలామందికి అది ఉదయమే, ఇందుకు కేటాయించుకోవడం మంచిది.

అపోహ: రోజూ నడుస్తుంటే చాలు, వేరే వ్యాయామాలు అక్కర్లేదు.

వాస్తవం: నడక మంచిదే కానీ, పాదాన్ని పైకెత్తే కండరాలు బలహీనపడినవారికి కొంతదూరం నడిచేసరికి కాలివేళ్లు నేలకు తగలడం మొదలవుతుంది. ఒక బూటు ముందుభాగం రెండోదానికంటే ముందే అరిగిపోతుంటే అదే కారణమా అని నేను తప్పక పరీక్షిస్తాను. అలాంటప్పుడు పట్టుదలతో ఇంకా నడిస్తే పడిపోయే ప్రమాదమే పెరుగుతుంది; చీలమండకు తగిన ఆర్థోసిస్ (పాదం వేలాడకుండా పట్టి ఉంచే ఊత) పెట్టుకుని, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి మళ్లీ కూర్చోవడం, గట్టి ఆధారం పక్కనే ఉంచుకుని బ్యాలెన్స్ సాధన చేయడం, పిక్కలను 30 సెకన్ల పాటు నెమ్మదిగా సాగదీయడం వంటివి నడకకు జోడించాలి. చక్రాల కుర్చీలో ఉన్నవారికి కూడా చేతులకు, నడుముకు, శ్వాస కండరాలకు చేయదగిన వ్యాయామాలు ఉన్నాయి. వారిని ఈ చర్చ నుంచి తప్పించడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

మూత్రం ఆపుకోలేమన్న భయంతో నీళ్లు తాగడం మానేయడం కూడా సరికాదు, దానివల్ల అలసట, మలబద్ధకం పెరుగుతాయి. వ్యాయామానికి ముందు మూత్రవిసర్జన చేసి రావడం మేలు.

వ్యాయామం జబ్బును తిరగబెడుతుందనడానికి ఆధారం లేదు. జబ్బు దానంతటది తిరగబెట్టినప్పుడు మాత్రం కఠినమైన సాధన ఆపి, లక్షణాలు నిలకడకు వచ్చాక, మునుపు ఆపిన స్థాయి నుంచి కాకుండా అంతకంటే తక్కువ నుంచి, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో మళ్లీ మొదలుపెట్టాలి.