లారీ వెనుక సైకిలు, సుడి పక్కన విమానం

కర్నూలు నుంచి డోన్ వైపు ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి, నిదానంగా పోయే లారీ వెనుక చేరితే పెడలు ఎంత తేలికవుతుందో తెలుసు. ప్రమాదమని తెలిసినా చిన్నప్పుడు నేనూ ఆ పని చేశాను. విమానాలు జతగా ఎగిరితే ఇంధనం మిగులుతుందని చదివినప్పుడు ఆ లారీయే గుర్తుకొచ్చింది. కానీ ఆ పోలిక తప్పు. ఆకాశంలో సరిగ్గా వెనుక చేరితే నష్టమే.

ఎగిరే విమానానికి రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి రెక్క కొస చుట్టూ పైకి పొర్లి సుడి తిరుగుతుంది. విమానం దాటిపోయాక కూడా ఆ రెండు సుడులు పేనిన తాళ్లలా వెనుక సాగుతాయి. వాటి నడుమ గాలి కిందికి దిగుతుంది, వెలుపల పైకి లేస్తుంది. నడుమ దూరిన విమానానికి ఎప్పుడూ ఎగుడు దారే. వెలుపల రెక్క చాచితే పల్లానికి పోయినట్టు ఇంజనుకు శ్రమ తగ్గుతుంది. బాతులు ఒకదానికొకటి పక్కకు జరిగి బారు కట్టేది ఇందుకే.

2021 నవంబరులో విమానాల తయారీ సంస్థ ఎయిర్‌బస్ రెండు ఏ350 విమానాలను 3 కిలోమీటర్ల ఎడంతో ఫ్రాన్స్‌లోని తూలూజ్ నుంచి కెనడాలోని మాంట్రియల్‌కు నడిపింది. 6 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ తగ్గింది. కిలో ఇంధనం కాలితే ఆ వాయువు సుమారు 3.16 కిలోలు వస్తుంది కాబట్టి, దాదాపు 2 టన్నుల ఇంధనం మిగిలినట్టు. దూర ప్రయాణాల్లో 5 శాతానికి మించి ఆదా కావచ్చని ఆ సంస్థ అంచనా. ఓర్వకల్లు నుంచి బెంగళూరుకు పోయే చిన్న విమానానికి ఇందులో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఎక్కడం, దిగడంతోనే దాని ప్రయాణం సగం అయిపోతుంది.

నా దృష్టిలో అసలు చిక్కు గాలిది కాదు, టైంటేబులుది. గుంతకల్లు జంక్షన్‌లో లింకు బండి ఆలస్యమైతే రెండో బండి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎదురుచూడగలదు. విమానం అలా నిలబడలేదు. జతగాడి కోసం చుట్లు కొడితే, మిగలవలసిన ఇంధనం అక్కడే కరిగిపోతుంది. వేర్వేరు ఊళ్ల నుంచి బయలుదేరిన రెండూ సముద్రం మీద ఒకే నిమిషానికి కలవాలి, అందుకు తిరిగిన చుట్టుదారి ఖర్చు ఆదాలో కోత పడాలి. అట్లాంటిక్ మీద ఒకే వేళకు ఒకే దిక్కుగా పోయే విమానాలు చాలా ఉంటాయి కాబట్టి, ఆ దారిలోనే దీనికి ఎక్కువ వీలు.

ఇంకొక పేచీ ఉంది. ముందు విమానానికి దక్కేదేమీ లేదు, లాభమంతా వెనుకదానికే. మన చెరువుల దగ్గరి తెల్ల కంకణాలకు దాయాదులైన బట్టతల ఐబిస్‌లను గమనించిన శాస్త్రవేత్తలు, అవి జతలో వంతులవారీగా ముందుకు వస్తున్నాయని 2015లో చూపారు. వెనుక ఎంతసేపు సుఖపడితే దాదాపు అంతసేపు ముందు కష్టపడతాయట. రెండు కంపెనీల విమానాలైతే, ఆ లెక్క ముందుగానే కాగితం మీద తేల్చుకోవాలి.