50 ఎంఎం లెన్సు చేతికొచ్చిన పిల్లలకు

హైదరాబాద్

చిరంజీవులు సింధుకి, కార్తీక్‌కి తాతయ్య ఆశీస్సులు.

లెన్సు పెట్టె విప్పగానే సింధు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "జూమ్ ఎక్కడుంది తాతయ్యా, దగ్గరికి లాగడం ఎలా?" అని. లాగడం ఉండదమ్మా. నువ్వే నడిచి దగ్గరికి వెళ్లాలి. ఈ లెన్సు గొప్పతనమంతా నాకు అక్కడే కనిపిస్తుంది. అందుకే ఇదే కొనమని మీ అమ్మానాన్నల దగ్గర పట్టుబట్టాను.

ముందు కాస్త లెక్క. సింధు కెమెరాలో బొమ్మ పడే పలక, అంటే సెన్సర్, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. మూల నుంచి మూలకు కొలిస్తే సుమారు 43. లెన్సు మీద ఎంఎంలో రాసి ఉండే నంబరు, అంటే ఫోకల్ లెంగ్త్, ఈ కొలతకు దగ్గరగా ఉంటే దాన్ని స్టాండర్డ్ లెన్సు అంటారు. 50 ఎంఎం ఆ కోవలోదే. కార్తీక్, నీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి నీకు 35 ఎంఎం ఇప్పించాం. అక్క 50తో ఎంత మేర చూస్తుందో నువ్వు 35తో దాదాపు అంతే చూస్తావు. తక్కువ నంబరు వచ్చిందని అలగకు.

ఫోన్‌లోని మామూలు కెమెరాకు ఎక్కువ మేర కనిపిస్తుంది. దానితో ఒకరి ముఖం నిండుగా రావాలంటే ముఖం మీదికి తీసుకెళ్లాలి. అంత దగ్గర్నుంచి ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. అదే మీ లెన్సుతో మీటరు దూరంలో నిలబడితే తల, భుజాలు చక్కగా ఫ్రేములో సరిపోతాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు మనిషి ఎలా ఉంటారో ఫొటోలోనూ అలాగే ఉంటారు. ముఖం తీరు మార్చేది లెన్సు కాదు, మీరు నిలబడ్డ దూరం.

చార్మినార్ దగ్గర దీన్ని స్వయంగా చూడండి. కట్టడం కాళ్ల దగ్గర నిలబడితే ఒక ఆర్చీ, దాని మీది సున్నపు నగిషీ తప్ప ఇంకేమీ పట్టదు. నాలుగు మినార్లూ కొసల దాకా రావాలంటే కెమెరాను నిలువుగా పట్టుకుని గుల్జార్ హౌజ్ వైపు 70, 80 మీటర్లు వెనక్కి నడవాలి. ఆ నడకలో తోపుడు బండ్లు, పావురాలు, అత్తరు దుకాణాలు అన్నీ ఫ్రేములోకి వస్తూ పోతూ ఉంటాయి. ఎక్కడ ఆగాలో మీ కాళ్లే నేర్చుకుంటాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ ఈ ఊరిని తీసింది బరువైన చెక్క కెమెరాలు, గాజు పలకలతో. ఆయనకూ జూమ్ లేదు. ఆ ఫొటోలు ఎక్కడైనా కనిపిస్తే, ఆయన ఎక్కడ నిలబడి తీశారో ఊహించండి. నాకు ఇప్పటికీ అంతకన్నా మంచి పాఠం దొరకలేదు.

ఇక వెలుతురు. మీ లెన్సుల మీద 1.8 అని ఉంటుంది. వెలుతురు లోపలికి వచ్చే కన్నం, అంటే అపర్చర్, అంతవరకూ తెరుచుకుంటుందని అర్థం. ఈ నంబరు తగ్గేకొద్దీ కన్నం పెద్దదవుతుంది. కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్సును పూర్తిగా దగ్గరికి లాగితే అది 5.6 దగ్గరే ఆగిపోతుంది. రెంటికీ తేడా దాదాపు పదింతల వెలుతురు. సాయంత్రం లాడ్ బజార్‌లో లక్కను నిప్పుల మీద వేడి చేసి గాజుగా వంచేవాళ్ల చేతులు తీయాలనుకోండి. జూమ్ లెన్సుకు సెకనులో ఆరో వంతు పడితే, మీ లెన్సుకు అరవయ్యో వంతు చాలు. ఆరో వంతులో మీ చెయ్యి వణుకు ఫొటోలో పడుతుంది. అరవయ్యో వంతులో ఊపిరి బిగపట్టి నిలబడితే మీ వణుకు పడదు. వాళ్ల చెయ్యి ఆడుతుంటే మాత్రం సెకనులో 125వ వంతు అయినా పెట్టాలి.

అయితే ఎప్పుడూ 1.8లోనే తీయకండి. సింధూ, మీటరు దూరంలో 1.8 పెడితే స్పష్టంగా వచ్చే లోతు నాలుగు సెంటీమీటర్లే. కంటి మీద ఫోకస్ చేస్తే చెవి మసకబారుతుంది. కాబట్టి కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీదే ఫోకస్ పెట్టు. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే 4, 5.6 దాకా వెళ్లు. వెనకంతా మసగ్గా ఉంటే అందమని ఇప్పుడు అందరూ అంటున్నారు. నాకైతే గాజుల ఆయన వెనకాల ఆయన దుకాణం కనిపించాలి.

దగ్గరికి వెళ్లాలి అన్నాను కదా, అడిగి వెళ్లండి. "అన్నా, ఒక ఫొటో తీసుకోనా?" అంటే ఈ ఊళ్లో చాలామంది సరే అంటారు. వద్దంటే నమస్కారం పెట్టి ముందుకు సాగండి. ప్రింటు ఇస్తామని మాటిస్తే ఇచ్చి తీరాలి.

ఇప్పుడు కాపాడుకోవడం. ఇది జాగ్రత్తగా చదవండి. లెన్సు అద్దం మీద సన్నటి పూత ఉంటుంది. చార్మినార్ దగ్గరి దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. చున్నీ కొసతోనో చొక్కా అంచుతోనో రుద్దితే ఆ రేణువులే పూతను గీస్తాయి. ముందు రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. వేలిముద్ర పడితే లెన్సు ద్రవం రెండు చుక్కలు మైక్రోఫైబర్ గుడ్డ మీద వేసి, మధ్య నుంచి అంచులకు గుండ్రంగా, నొక్కకుండా తుడవండి. ద్రవం నేరుగా అద్దం మీద పోయకూడదు, అంచు గుండా లోపలికి జారుతుంది. లోపల ఒకటీ అరా దుమ్ము నలుసు కనిపించినా బెంగపడకండి, ఫొటోలో తెలియదు. లెన్సు ముందు తొడిగే హుడ్ మాత్రం ఎప్పుడూ ఉండనివ్వండి. ఎండ అడ్డంగా పడకుండా ఆపుతుంది, చెయ్యి జారితే మొదటి దెబ్బ తనే తింటుంది.

మన ఊళ్లో లెన్సుకు అసలు శత్రువు వానాకాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాల్లో చెమ్మ ఎక్కువ. లెన్సును తోలు సంచిలో పెట్టి బీరువాలో మూసేస్తే లోపల బూజు పడుతుంది. అది పూతను తినేస్తే ఎంత శుభ్రం చేయించినా మచ్చ మిగిలిపోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో చెమ్మను పీల్చే సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు వేసి, లెన్సు అందులో పెట్టండి. మీటరు 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. 60 దాటితే జెల్ మార్చండి. బియ్యంలో పెడితే చాలని మీ నానమ్మ అంటుంది. వద్దు, బియ్యప్పిండి సందుల్లోకి పోతుంది. వారానికొకసారైనా లెన్సును బయటికి తీసి వాడండి, వెలుతురూ గాలీ తగలాలి. ఏసీ గదిలోంచి వానగాలిలోకి వెళ్లేటప్పుడు కెమెరాను సంచిలోనే పావుగంట, అరగంట ఉంచండి. లేకపోతే చల్లటి అద్దం మీద చెమ్మ పడుతుంది.

నెలకొకసారి టార్చి పరీక్ష చేయండి. లెన్సును కెమెరా నుంచి తీసి, ఒకవైపు నుంచి టార్చి వేసి, రెండోవైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజే. లెన్సు లోపలి భాగాలు మీరు విప్పే ప్రయత్నం చేయొద్దు. ఆ లెన్సును వేరే డబ్బాలో పెట్టి నాకు ఫోన్ చేయండి, రిపేరు చేసేవాళ్ల దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
మీ తాతయ్య