గురువారం కడుపునొప్పి: బడిలో పిల్లల మనసు గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

స్కూల్ కౌన్సెలర్‌గా స్టాఫ్‌రూమ్‌లోనూ, పేరెంట్స్ మీటింగుల్లోనూ పదేపదే వినే మాటలివి.

అపోహ: కడుపునొప్పి లేదు ఏమీ లేదు, అంతా నాటకం.

ఏడో తరగతి పిల్లాడొకడు గురువారం వచ్చిందంటే చాలు, రెండో పీరియడ్‌లో పొట్ట పట్టుకుని నా గదికి వచ్చేవాడు. డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు. "వేషాలేస్తున్నాడు మేడమ్" అన్నారు లెక్కల సార్. వాడు వచ్చిన రోజులన్నీ రాసుకుని, పక్కన టైమ్‌టేబుల్ పెట్టుకుని చూశాం. గురువారం మూడో పీరియడ్ లెక్కల స్లిప్ టెస్ట్. అయ్యాక మార్కులు పైకి చదివి, తక్కువ వచ్చినవాళ్లను నిలబెట్టడం ఆ క్లాసులో అలవాటు.

వాస్తవం ఏమిటంటే, ఆ నొప్పి నిజమైనదే. టెన్షన్ పడితే పెద్దవాళ్లకే పొట్టలో తిప్పుతుంది, పిల్లలకి చెప్పాలా? సార్‌ని బతిమాలి మార్కులు పైకి చదవడం ఆపించాం. పేపర్లు బోర్లించి ఎవరిది వాళ్లకే ఇచ్చేవారు. నెల తిరిగేసరికి వాడు నా గదికి రావడం తగ్గింది. మార్కులు పెద్దగా పెరిగాయని చెప్పను. టెస్టుకి మాత్రం కూర్చున్నాడు.

అపోహ: నలుగురిలో అంటేనే పౌరుషం వస్తుంది.

పౌరుషం సంగతేమో కానీ, చాలామందికి బడంటేనే విరక్తి వస్తుంది. పైగా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరిముందు అవమానించడం వీలైనంత వరకు మానాలని, 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక అర్హులైన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలని అందులో ఉంది. స్టార్ బ్యాచ్‌ల గురించి ఇంతకంటే నేను చెప్పేదేముంది!

అపోహ: అల్లరి చేసేవాళ్లదే సమస్య.

వాళ్లు ఎలాగూ కనిపిస్తారు. నాకు భయం, రోజూ చేతులు కట్టుకుని కూర్చుని, మెల్లగా స్నేహితులకు దూరమై, ఇష్టమైన డ్రాయింగ్ కూడా మానేసిన పిల్లని "బంగారం, నోరే లేవదు" అని మెచ్చుకున్నప్పుడు.

అపోహ: "చచ్చిపోవాలనిపిస్తోందా" అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టే.

కాదు. అడిగితే ఆలోచన పుట్టదు. అడిగేవాళ్లు దొరికారని బరువు దిగుతుంది. పక్కకు పిలిచి, తిట్టకుండా, సూటిగా అడగండి. "ఎవరికీ చెప్పనులే" అని మాత్రం మాటివ్వకండి. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఇంట్లోవాళ్లకు, డాక్టర్‌కు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అపోహ: కౌన్సెలర్‌ని పెట్టేశాం కదా, ఇక ఆ పని ఆవిడదే.

నా గదికి వచ్చేసరికే చాలా ఆలస్యమైపోతుంది. పిల్లలు మనసు విప్పేది ఆటల పీరియడ్‌లో పీఈటీ సార్ దగ్గర. దాన్నేమో పరీక్షలు దగ్గరపడగానే సిలబస్ కోసం లాగేసుకుంటాం. మొన్నటికి మొన్న, ఒకమ్మాయి వారం రోజులుగా క్యారియర్ మూత తీయకుండానే ఇంటికి తీసుకెళ్తోందని కనిపెట్టింది ఎవరనుకున్నారు? మా ఆయమ్మ. ఇప్పుడు స్టాఫ్ మీటింగుకి ఆమెనూ పిలుస్తున్నాం.