ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి కొత్త సింటాక్స్: తెగని పాత పేచీ

ట్యాగులతో, అంటే కోణపు బ్రాకెట్లలో పెట్టిన పేర్లతో, రాసే ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రాలను మరో రూపంలోకి మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ. దాని ప్రోగ్రాములనూ ట్యాగులతోనే రాయాలి. అది రాసేవాళ్లలో ఎవరిని కదిపినా మొదట వినిపించే ఫిర్యాదు ఒక్కటే: ఇన్ని ట్యాగులు ఎందుకు? ‘ధర పది కన్నా తక్కువైతే ఇది, కాకపోతే అది’ అని చెప్పడానికి మిగతా భాషల్లో ఒక్క వరుస చాలు. ఇక్కడ చూజ్ అనే ట్యాగు తెరిచి, దాని లోపల వెన్ రాసి, ఆ పక్కన అదర్‌వైజ్ రాసి, మూడింటినీ విడివిడిగా మూయాలి. ఇఫ్ ఉంది గానీ దానికి తోడుగా ఎల్స్ లేదు. పైగా ట్యాగు మొదలయ్యేది ‘తక్కువ’ గుర్తుతోనే కాబట్టి షరతులో దాన్ని నేరుగా పెట్టనివ్వరు. యాంపర్‌శాండ్, ఎల్, టీ, సెమీకోలన్ అంటూ నాలుగు మీటలు నొక్కాలి. ఆ బాధ పడలేక చాలామంది షరతునే తిరగేసి ‘పది ధర కన్నా ఎక్కువైతే’ అని రాస్తారు. ‘ఎక్కువ’ గుర్తుకు ఆ ఆంక్ష లేదు మరి.

అందుకే ఎక్స్‌ఎమ్‌ఎల్ కాని కొత్త సింటాక్స్, అంటే కొత్త రాత పద్ధతి, కావాలనే ప్రతిపాదన మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. అసలీ ట్యాగుల రూపం ఎందుకు ఎంచుకున్నారో తెలియాలంటే 1990ల నడిమికి వెళ్లాలి. ఎక్స్‌ఎమ్‌ఎల్‌కు ముందుతరమైన ఎస్‌జీఎమ్‌ఎల్ పత్రాల కోసం 1996లో డీఎస్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాన్ని స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద కట్టారు. ఎటు చూసినా కుండలీకరణాలే. శక్తికి లోటు లేదు, ఆదరణే అంతంతమాత్రం. 1997లో మైక్రోసాఫ్ట్, ఆర్బర్‌టెక్స్ట్, ఇన్సో సంస్థలు వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ముందుంచిన, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి మూలమైన ఎక్స్‌ఎస్‌ఎల్ ప్రతిపాదన ఆ కుండలీకరణాలను వదిలించుకుని ఎక్స్‌ఎమ్‌ఎల్ వేషం కట్టింది. డీఎస్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు జేడ్ అనే ప్రాసెసర్ (ఆ భాషను నడిపే సాఫ్ట్‌వేర్) రాసిన జేమ్స్ క్లార్కే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0కు సంపాదకత్వం వహించారు. 1999 నవంబర్ 16న అది డబ్ల్యూ3సీ సిఫారసు, అంటే ఆమోదిత ప్రమాణం, అయింది.

అదే రోజు, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ లోపల వాడే ఎక్స్‌పాత్ 1.0 అనే చిన్న భాష కూడా వెలువడింది. అందరూ మరిచిపోయే సంగతి ఇదే: ఎక్స్‌పాత్ ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో లేదు. పత్రంలో ఏ భాగం కావాలో చెప్పే పనిని ట్యాగులకు అప్పగిస్తే చదవలేని రాత తయారవుతుందని గ్రహించి, దాన్ని పొట్టి సంకేతాలుగా మార్చి ఆట్రిబ్యూట్లలో, అంటే ట్యాగు లోపల కొటేషన్లలో రాసే విలువల్లో, కూర్చారు. అంటే రెండు సింటాక్స్‌ల రాజీ మొదటి రోజే కుదిరింది. ఆ రాజీ మూల్యం ఇప్పటికీ చెల్లిస్తున్నాం. ఆట్రిబ్యూట్‌లోని కొత్త వరుసలను ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను చదివే పార్సర్ ఖాళీలుగా మార్చేస్తుంది. పది వరుసల ఎక్స్‌పాత్ రాస్తే, తప్పు అందులో ఏ వరుసలో ఉందో చెప్పడం ప్రాసెసర్‌కు కష్టం.

ట్యాగుల పక్షాన వాదన బలహీనమేమీ కాదు. స్టైల్‌షీట్, అంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రోగ్రాము, కూడా ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రమే కాబట్టి దాన్ని మరో స్టైల్‌షీట్‌తో తయారు చేయొచ్చు. పత్రాలు నియమాల ప్రకారం ఉన్నాయో లేదో చూసే స్కీమట్రాన్ చాలాకాలం ఇలాగే నడిచింది: పత్రాల నియమాలను ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ చదివి, వాటిని తనిఖీ చేసే మరో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని పుట్టిస్తుంది. కొత్త సింటాక్స్ అడిగేవాళ్లు ఈ సదుపాయాన్ని తేలిగ్గా తీసిపారేస్తారు. అది సబబు కాదు.

2007 జనవరి 23న ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0, ఎక్స్‌ఎమ్‌ఎల్ సమాచారాన్ని వెతికి తీసే భాష ఎక్స్‌క్వెరీ 1.0 ఒకేసారి సిఫారసులయ్యాయి. రెండూ ఎక్స్‌పాత్ 2.0 మీద నిలబడ్డవే. ఎక్స్‌క్వెరీ మాత్రం ట్యాగుల చట్రం లేకుండా వచ్చింది. మరి అదే వాడుకోవచ్చు కదా అంటే, దానిలో టెంప్లేట్ నియమాలు లేవు. ‘పేరా కనిపిస్తే ఇలా, పట్టిక కనిపిస్తే అలా’ అని ముక్కలుగా చెప్పి, ఏది ఎప్పుడు పనిచేయాలో ప్రాసెసర్‌కే వదిలేయడం ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాణం. ఆ నియమాలను ఎక్స్‌క్వెరీ తరహా రాతలో ఇమిడ్చే ప్రయత్నంగా 2011లో ఇవాన్ లెంజ్ క్యారట్ అనే భాషను ప్రతిపాదించారు. అది ప్రమాణం కాలేదు.

ఇక్కడే రిలాక్స్ ఎన్‌జీని ఉదాహరణగా చూపిస్తారు. ఆ స్కీమా భాషకు, అంటే పత్రం నిర్మాణం ఎలా ఉండాలో చెప్పే భాషకు, ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపమూ ఉంది, క్లుప్త రూపమూ ఉంది. ఒకదాన్ని మరోదానిగా మార్చుకోవచ్చు. క్లుప్త రూపాన్ని జనం ఇష్టంగా వాడారు. అయితే స్కీమా భాషకు ట్యాగులు గుప్పెడే. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో ఫలితంగా రావలసిన ట్యాగులు, అవి హెచ్‌టీఎమ్‌ఎల్‌వి కానీ మరేవైనా కానీ, ప్రోగ్రాము మధ్యలోనే యథాతథంగా కూర్చుంటాయి. చుట్టూ ఉన్న ట్యాగులు తీసేసినా ఇవి పోవు. ప్రతి ప్రతిపాదనా ఇక్కడే తడబడుతుంది.

ఈలోగా మార్పు దొడ్డిదారిన జరుగుతూనే ఉంది. ఎక్స్‌పాత్ 2.0లోనే ఇఫ్, దెన్, ఎల్స్ చేరాయి. తర్వాత విలువకు పేరు పెట్టే లెట్, పేరులేని ఫంక్షన్లు వచ్చాయి. 2017 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0లో పాఠం మధ్య మీసాల బ్రాకెట్లు పెట్టి విలువను నేరుగా రాసే వీలు కలిగింది. కొత్త ఫంక్షన్ రాయాల్సి వస్తే ఈ రోజు నేనైతే సగానికి పైగా ఎక్స్‌పాత్‌లోనే రాస్తాను.

2.0, 3.0లకు సంపాదకుడు, సాక్సన్ ప్రాసెసర్ రచయిత అయిన మైకేల్ కే 2020లో 4.0కు ప్రతిపాదన రాశారు. ఆ ముసాయిదా కూడా ట్యాగులను తొలగించే జోలికి పోలేదు. వెన్, అదర్‌వైజ్‌లకు సెలెక్ట్ ఆట్రిబ్యూట్ ఇచ్చి, లోపల మరో ట్యాగు పెట్టే పని తప్పిస్తోంది. బ్రౌజర్లు మాత్రం 1.0 దగ్గరే ఆగిపోయాయి. అక్కడి నుంచి కూడా దాన్ని తీసేస్తామని క్రోమ్ బృందం 2025లో ప్రకటించింది. కాబట్టి ఇకపై ఎవరు కొత్త సింటాక్స్ తెచ్చినా ఒప్పించాల్సింది బ్రౌజర్లను కాదు, పుస్తకాలు, చట్టాలు, సాంకేతిక పత్రాలు అచ్చువేసే చోట వేల వరుసల పాత స్టైల్‌షీట్లు మోస్తున్నవాళ్లను.