టైమ్‌షేర్ రీసేల్: తొలి కొనుగోలు హక్కు వెనక కథ

టైమ్‌షేర్ అంటే ఒక సెలవుల ఇంటిని ఏటా కొన్నాళ్లు వాడుకునే హక్కు. అమెరికాలో దాన్ని అమ్ముకోవాలనుకున్న యజమానికి కొనేవాళ్లు దొరికినంత మాత్రాన పని అయిపోదు. చాలా పెద్ద బ్రాండ్లలో, ఇద్దరూ సంతకాలు చేసిన ఒప్పందం ముందు ఆ రిసార్టు డెవలపర్ దగ్గరికి వెళ్లాలి. అదే ధరకు, అవే షరతులకు తానే కొనుక్కునే హక్కు ఆ కంపెనీకి ఉంటుంది. దీన్ని రైట్ ఆఫ్ ఫస్ట్ రిఫ్యూజల్ అంటారు, అంటే తొలి కొనుగోలు హక్కు. డిస్నీ సంస్థ టైమ్‌షేర్ విభాగమైన డిస్నీ వెకేషన్ క్లబ్‌లో దీనికి గడువు 30 రోజులు. ఆ నెలంతా కొనేవాళ్లకు టెన్షన్. కంపెనీ తీసుకుంటే వాళ్ల అడ్వాన్సు వాళ్లకు తిరిగొస్తుంది, మళ్లీ వెతుక్కోవాలి. అమ్మేవాళ్లకు మాత్రం డబ్బు ఎవరిచ్చినా ఒకటే.

ఇది కంపెనీ హక్కు, బాధ్యత కాదు. ‘అవసరమైతే మేమే వెనక్కి కొంటాం’ అని అమ్మకాల గదిలో విన్న భరోసాగా దీన్ని గుర్తుపెట్టుకున్న కుటుంబాలు, అమ్మకానికి పెట్టిన రోజున నిజం తెలిసి కుంగిపోతాయి. కంపెనీ ఎందుకు కొంటుంది, ఎందుకు వదిలేస్తుంది అన్నది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

సెలవుల ఇంటిని పలువురు పంచుకునే పద్ధతి 1960ల్లో యూరప్‌లో మొదలైంది. స్విట్జర్లాండ్‌లో హాపిమాగ్ అనే సంస్థ 1963లో పుట్టింది. అమెరికాలో ఇది ఊపందుకున్నది 1970ల మాంద్యంలో. కట్టిన కాండోలు, అంటే విడివిడిగా అమ్మే ఫ్లాట్లు, అమ్ముడుపోక ఇబ్బంది పడుతున్న ఫ్లోరిడా బిల్డర్లు ఒక్కో ఇంటిని వారాలుగా విడగొట్టి అమ్మడం మొదలుపెట్టారు. యజమానులు తమ వారాలను ఒకరితో ఒకరు మార్చుకోవడానికి ఆర్‌సీఐ 1974లో, ఇంటర్వల్ ఇంటర్నేషనల్ 1976లో అనే సంస్థలు వచ్చాయి. అప్పటి బిల్డరుకు రీసేల్‌తో పెద్దగా పనిలేదు. వారాలన్నీ అమ్మి, నిర్వహణ యజమానుల సంఘానికి అప్పగించి, ఇంకో ప్రాజెక్టుకు వెళ్లిపోయేవాడు.

1984లో మారియట్, ఆ తర్వాత డిస్నీ, హిల్టన్ ఈ వ్యాపారంలోకి వచ్చాక పరిస్థితి మారింది. వీళ్లు అమ్మి వెళ్లిపోయేవాళ్లు కాదు. గేటు మీద వాళ్ల పేరే ఉంటుంది, పక్కనే కొత్త రిసార్టు అమ్మకానికి ఉంటుంది. పాతవి మరీ చవకగా చేతులు మారితే కొత్తదాని ధర నిలవదు. పైగా డిస్నీ 1991లో మొదలైనప్పటి నుంచీ వారాలకు బదులు పాయింట్లు, అంటే ఏటా జమయ్యే, బసకు ఖర్చుపెట్టుకునే యూనిట్లు అమ్మింది. ఫలానా ఇల్లు, ఫలానా వారం అంటే దానికి తగినవాళ్లనే వెతకాలి. పాయింట్లయితే వెనక్కి కొని, అవసరమైనట్టు ముక్కలు చేసి మళ్లీ అమ్ముకోవచ్చు. తొలి కొనుగోలు హక్కుకు అసలు విలువ వచ్చింది ఇక్కడే.

ఇక కంపెనీ వేసుకునే లెక్క. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక యజమాని 150 పాయింట్లను పాయింటుకు 80 డాలర్ల చొప్పున అమ్ముతున్నాడు. మొత్తం 12,000 డాలర్లు. కంపెనీ నేరుగా అమ్మే ధర 200 డాలర్లు అనుకుంటే అవే పాయింట్లు 30,000 పలుకుతాయి. పెట్టిన డబ్బుకు రెండున్నర రెట్లు వస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, ఈ వ్యాపారంలో ప్రచారం, కమీషన్లు, ఉచిత బహుమతులకే అమ్మకపు ధరలో దాదాపు సగం పోతుంది. మిగిలేది 15,000. అందులో 3,000 లాభం. అదే ఒప్పందం 110 డాలర్లకు కుదిరి ఉంటే కొనడానికే 16,500 కావాలి, అంటే నష్టం. ధర తక్కువున్న ఒప్పందాలే ఎక్కువగా కంపెనీ చేతికి పోవడానికి కారణం ఇదే.

అయితే ధర ఒక్కటే చూస్తే అంచనా తప్పుతుంది. పూర్తిగా అమ్ముడుపోయిన రిసార్టులో ఇంకొన్ని పాయింట్లు కావాలని పాత సభ్యులు పేరు రాయించుకుని ఉంటారు. వాళ్లకు అమ్మడానికి ప్రచార ఖర్చు పెద్దగా ఉండదు కాబట్టి కంపెనీ ఇంకాస్త ఎక్కువ ధరకైనా తీసుకోగలదు. వాళ్లకు కావలసిన యూజ్ ఇయర్, అంటే ఏటా పాయింట్లు జమయ్యే నెల, సరిపోతే ఇంకా మంచిది. అందుకే ఒకే రిసార్టులో ఒకే ధరకు కుదిరిన రెండు ఒప్పందాల్లో ఒకటి కంపెనీకి పోతుంది, ఇంకొకటి కొనేవాళ్లకే దక్కుతుంది. బయటి నుంచి చూస్తే లాటరీలా ఉంటుంది. ఇంకో సంగతి, వెనక్కి కొన్న పాయింట్లు అమ్ముడయ్యేదాకా వాటి మెయింటెనెన్స్ ఫీజు, అంటే రిసార్టు నిర్వహణకు ఏటా కట్టే రుసుము, కంపెనీయే భరించాలి. వెంటనే కదలని సరుకును ఎవరూ నెత్తికెత్తుకోరు.

2008 సంక్షోభం ఈ లెక్కను ఇంకో వైపు తిప్పింది. కొనుగోలుదారులకిచ్చిన అప్పులను కట్టలుగా చేసి పెట్టుబడిదారులకు అమ్మడం మీద ఈ కంపెనీలు ఆధారపడేవి. ఆ మార్కెట్టు స్తంభించగానే చేతిలో నగదు కరువైంది. ఆ తర్వాత, సొంత డబ్బుతో కట్టడం తగ్గించి, ఇతరులు కట్టినవాటిని ఫీజుకు అమ్మిపెట్టే పద్ధతి పెరిగింది. వాయిదాలో, మెయింటెనెన్సో కట్టలేకపోయినవాళ్ల నుంచి స్వాధీనమైన వారాలు, పాయింట్లు కూడా సరుకయ్యాయి. అలా చవకగా దొరుకుతుంటే రీసేల్ ధర పెట్టి కొనాల్సిన అవసరం తగ్గుతుంది.

డబ్బు పెట్టకుండానే రీసేల్‌ను బలహీనపరిచే దారి కూడా ఉంది. డిస్నీ 2011 మార్చి తర్వాత రీసేల్‌లో కొన్నవాళ్లకు ఆ పాయింట్లను క్రూయిజ్‌ల వంటివాటికి వాడుకునే వీలు తీసేసింది. 2016లో, ఆ తర్వాత రీసేల్‌లో కొనేవాళ్లకు సభ్యుల రాయితీలు ఆపింది. 2019 జనవరి నుంచి, పాత రిసార్టుల పాయింట్లను రీసేల్‌లో కొన్నవాళ్లు రివియెరా వంటి కొత్త రిసార్టుల్లో వాటిని వాడుకోలేరు. రివియెరా పాయింట్లే రీసేల్‌లో కొంటే అవి ఆ ఒక్క రిసార్టుకే పరిమితం. అమ్ముకునే యజమానికి నా దృష్టిలో ఇది వెనక్కి కొనడం కన్నా పెద్ద దెబ్బ. కంపెనీ కొంటే అతనికి పూర్తి ధర చేతికొస్తుంది. ఆంక్ష పెడితే ఆ ధరే పడిపోతుంది.

ఇంతకీ ఎక్కువ కష్టంలో ఉన్నవాళ్లకు ఈ హక్కుతో సంబంధమే ఉండదు. సీజన్ కాని వారం, ఏటా పెరిగే ఫీజు, గడువు లేని ఒప్పందం ఉన్న టైమ్‌షేర్‌ను ఒక్క డాలరుకు పెట్టినా కొనేవాళ్లు దొరకడం కష్టం. దాన్ని కంపెనీ కూడా కోరదు. ఈ నిస్సహాయతనే ఆసరాగా చేసుకుని, ‘మీ టైమ్‌షేర్ వదిలిస్తాం’ అంటూ వేల డాలర్లు ముందే గుంజి మాయమయ్యేవాళ్లు పుట్టుకొచ్చారు. ఫిర్యాదులు పెరిగాక, కొన్ని పెద్ద కంపెనీలు ఒప్పందాలను తామే తిరిగి తీసుకునే పథకాలు పెట్టాయి. వాటిలో సాధారణంగా యజమానికి డబ్బేమీ రాదు, ఫీజుల భారం మాత్రం తప్పుతుంది. అప్పు పూర్తిగా తీరి, మెయింటెనెన్స్ బకాయి లేకుండా ఉంటేనే చాలా చోట్ల దరఖాస్తు తీసుకుంటారు. అప్పు తీర్చలేకే బయటపడాలనుకుంటున్న కుటుంబానికి ఆ అవకాశం కూడా దక్కదు.